టమాటా మడిలో అరిచే పెట్టె

ఆ రోజు ఉదయానికి అనౌన్సరు వేసుకున్న ప్రణాళికలో మూడే పనులున్నాయి. ఎనిమిదిన్నరకి టమాటా మడిలో కొత్త పెట్టె బిగించాలి. తొమ్మిదిన్నరకి పింఛను ఆఫీసుకు వెళ్ళి, తాను బతికే ఉన్నట్టు సంతకం పెట్టాలి. పదకొండుకల్లా తిరిగొచ్చి వియ్యంకుణ్ణి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి కొత్త కళ్ళద్దాలకు కొలత తీయించాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఇంకొకదాని జోలికి వచ్చే రకం కాదు. కనీసం ఆయన అలాగే అనుకున్నాడు.

రైల్వే స్టేషనులో ముప్పై ఒక్క ఏళ్ళు మైకు ముందు కూర్చుని రిటైరైన మనిషి కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని అనౌన్సరు గారనే పిలిచేవారు. మైకు పోయినా గొంతు పోలేదు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగితే పక్క వీధిలో ఎవరో ఒకరికి సామాను సర్దుకోవాలనిపించేది. స్కూలు లైబ్రరీలో పనిచేసే ఆయన భార్య మాత్రం జీవితమంతా గుసగుసగానే మాట్లాడింది. ఇద్దరి సగటు తీస్తే మామూలు సంసారమే.

రిటైరయ్యాక ఇంటి వెనక జాగాలో తోట వేశాడాయన. దోస, చిక్కుడు, నాలుగు వరసల టమాటా. టమాటాలు పండడం మొదలుపెట్టిన రోజునే ఉడతలకీ ఆ సంగతి తెలిసింది. ఒక కాయని పూర్తిగా తిని పోతే ఆయనకింత బాధ ఉండేది కాదు. అవి ఒక్కో కాయకి ఒక్కో కాటు వేసి, బాగా లేదన్నట్టు పక్క కాయకి వెళ్ళేవి. ఆ పెదవి విరుపే ఆయనకి నచ్చలేదు.

ముందు వల కట్టాడు. అందులో ఉడతలు పడలేదు గానీ ఆయన పడ్డాడు. భార్య కత్తెర తెచ్చి విడిపించేసరికి అరగంట పట్టింది. తరవాత మడి చుట్టూ కారప్పొడి చల్లాడు. గాలి ఇంటివైపు తిరిగింది. ఆ పూట ఎవరూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయారు. పాత సీడీలు దారానికి కట్టి వేలాడదీస్తే ఆ మెరుపు ఎదురింటివాళ్ళ వంటింట్లో పడి వాళ్ళు పోట్లాటకొచ్చారు. ఉడతలు వాటిలో మొహాలు చూసుకుని వెళ్ళేవి.

చివరికి విత్తనాల షాపాయన ఒక పెట్టె చూపించాడు. రెండు పిడికిళ్ళంత నల్ల పెట్టె. ఎదురుగా ఏది కదిలినా పసిగట్టి, మనం ముందే రికార్డు చేసి పెట్టిన మాటలు గట్టిగా వినిపిస్తుందట.

"జంతువన్నాక మనిషి గొంతంటే హడలేనండీ," అన్నాడు షాపాయన. "కాకపోతే గొంతులో కాస్త దమ్ముండాలి."

అనౌన్సరు అతని వైపు జాలిగా చూసి పెట్టె తీసుకున్నాడు.

ఇక వియ్యంకుడి సంగతి. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి మూడేళ్ళైంది. సొంత ఇల్లు ఊరికి అవతలి చివర. కంటికి శుక్లం ఆపరేషను చేయించుకోవలసి వచ్చింది. కొడుకు ఉండేది అయిదో అంతస్తులో, అక్కడ లిఫ్టు బాగుచేస్తున్నారు. ఆసుపత్రేమో అనౌన్సరు ఇంటికి నాలుగడుగుల దూరం. అంచేత నాలుగు రోజులు ఇక్కడే ఉండేలా పిల్లలు ఏర్పాటు చేశారు.

"నాన్నా, మామయ్యగారి మనసు నొచ్చుకునే మాట ఒక్కటి కూడా రాకూడదు," అని కూతురు ముందే ఫోన్లో బతిమాలింది. "నువ్వు ప్రేమగా మాట్లాడినా తిట్టినట్టే ఉంటుంది. వీలైనంతవరకు తలూపు."

అనౌన్సరు నాలుగు రోజులు తలూపాడు. అయిదో రోజు కూడా ఊపాడు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. ప్రతి పొద్దునా "రేపు బయల్దేరతాను బావగారూ" అనేవాడు వియ్యంకుడు. ప్రతి సాయంత్రం ఆయన కంట్లోంచి నీరు కారేది. పాత కళ్ళద్దాలు ఇక పనికిరావు, కొత్తవి ఇంకా రాలేదు, పైన నల్ల అద్దాలు. లోకమంతా ఆయనకు మసగ్గానే కనిపించేది. అయినా శాఖ నేర్పిన విద్య వదల్లేదు. టమాటా కోసి చేతిలో పెడితే "నూట పది గ్రాములు" అనేవాడు. పాల గ్లాసు అందుకుని "వేలెడు తగ్గింది" అనేవాడు. పూటకి నలభై అడుగులు నడవమని డాక్టరు చెప్పాడని తోటలో లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. నిన్న మధ్యాహ్నం ఆ నడకలోనే చిక్కుడు పందిరిని చేత్తో తడిమి, "బావగారూ, ఇది ఎడమవైపుకి రెండంగుళాలు వాలింది" అన్నాడు. ఆ పందిరి అనౌన్సరు సొంత చేతులతో కట్టింది.

ఆ తర్వాత వియ్యంకుడు కునుకు తీస్తుంటే అనౌన్సరు సామాన్ల గదిలో తలుపు వేసుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాడు. స్టేషను అలవాటుకొద్దీ ప్రతి వాక్యం తర్వాత, వినేవాళ్ళు అర్థం చేసుకోవడానికి రెండు క్షణాలు ఆగాడు. మొదటి మూడుసార్లూ కుదరలేదు. "మళ్ళీ వచ్చావా?" అంటే ఏదో బండి మళ్ళీ వచ్చిందన్నట్టే వినబడింది. కోపం కావాలి. కళ్ళు మూసుకుని ఉడతని తలుచుకున్నాడు. ఎంత తలుచుకున్నా ఉడత రాలేదు. నల్ల కళ్ళద్దాలూ, పందిరి మీద ఆనిన చెయ్యీ వచ్చాయి. నాలుగోసారి గొంతు అద్భుతంగా పలికింది.

భార్యకి వినిపించాడు. ఆవిడ పూర్తిగా విని, "ఉడతతో అంటున్నట్టు లేదండీ," అంది మెల్లగా.

"మరి ఎవరితో అంటున్నట్టుంది?"

"ఏమో. చెరిపేసి మళ్ళీ చెప్పండి."

"ఇంత బాగా మళ్ళీ రాదోయ్," అన్నాడు అనౌన్సరు. కళాకారుడి బాధ ఆవిడకి తెలియనిది కాదు కనక ఊరుకుంది.

కాబట్టి ఆ ఉదయం ఎనిమిదిన్నరకి ఆయన టమాటా మడి మధ్యలో కర్ర పాతి, ఆకుల చాటున పెట్టె బిగించి, మీట నొక్కాడు. భార్య స్కూలుకు వెళ్ళింది. వియ్యంకుడు స్నానం చేస్తున్నాడు. ఆయనకి పెట్టె సంగతి చెప్పాలని అనౌన్సరుకి గుర్తుంది. స్నానాల గది తలుపు అవతల్నించి చెబితే బాగుండదని, వచ్చాక చెప్పొచ్చులే అని, బయటికి నడిచాడు.

ఆ తరవాత తోటలో జరిగింది ఆయన చూడలేదు. అందరూ తలోముక్కా చెబితే కూర్చుకున్నాడు.

వియ్యంకుడు నడకకి దిగాడు. ఇరవై రెండో అడుగు టమాటా మడి ముందు పడింది.

"ఎవరది?" అంది అనౌన్సరు గొంతు, చిక్కుడు పందిరి వెనకనించి వచ్చినట్టు.

"నేనే బావగారూ," అన్నాడు వియ్యంకుడు నవ్వుతూ.

"మళ్ళీ వచ్చావా?"

ఎనిమిదేళ్ళుగా 'మీరు' అంటున్న మనిషి 'నువ్వు' అనడం ఆయనకు వింతగా తోచింది. సరసమేమో అనుకున్నాడు. "పూటకి నలభై అడుగులు వెయ్యమన్నాడు కదండీ డాక్టరు."

"సిగ్గు లేదూ?"

"ఎందుకండీ సిగ్గు, నడకే కదా."

"నీకో ఇల్లు లేదా?"

వియ్యంకుడి నవ్వు అక్కడ ఆగిపోయింది.

"తేరగా దొరికిందని రోజూ మెక్కడమేనా? మర్యాదగా వెళ్ళిపో. ఇంకోసారి ఈ ఛాయల కనబడ్డావంటే తోక కత్తిరిస్తా!"

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. తోట నిశ్శబ్దమైపోయింది. పొరపాటున విన్నానేమో అని, ఇన్‌స్పెక్టరు కాబట్టి రెండోసారి సరిచూసుకోవాలని, మళ్ళీ ముందుకొచ్చి, "బావగారూ, నన్నేనా మీరంటున్నది?" అని అడిగాడు.

"ఎవరది?" అంది గొంతు.

తిట్టినదానికంటే అదే ఎక్కువ గుచ్చుకుందని ఆయన తర్వాత చెప్పాడు. అప్పటికప్పుడు కొడుక్కి ఫోను చేశాడు.

ఆ సమయానికి అనౌన్సరు పింఛను ఆఫీసు కిటికీ ముందు వరసలో మూడోవాడు. ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, తిండి విషయంలో మామయ్యగారిని ఏమైనా అన్నావా?"

అనౌన్సరు ఆలోచించాడు. పొద్దున కాఫీలో వియ్యంకుడు మూడో చెంచా చక్కెర వేసుకుంటుంటే 'కాస్త తగ్గించండి బావగారూ' అన్న మాట నిజమే. "అన్నాను. అయితే ఏమైంది?"

"అన్నావా! మొహం మీదే?"

"మొహం మీద కాక చాటుగా అంటానా? మీ అమ్మ కూడా అక్కడే ఉంది. అవునన్నట్టు తలూపింది."

"అమ్మ కూడానా!"

"డాక్టరు మాత్రం ఏమన్నాడనుకున్నావు? ఆయనా అదే మాట."

అవతల ఫోను పెట్టేసిన శబ్దం వినబడింది. చక్కెర మీద ఇంత రాద్ధాంతం దేనికో ఆయనకి అర్థం కాలేదు.

వరస ఒకడుగు జరిగింది. ఈసారి అల్లుడు. అతను మామూలుగానే మర్యాదస్తుడు. కోపం వస్తే ఇంకా మర్యాదగా మాట్లాడతాడు.

"నమస్కారం మామయ్యా. మా నాన్నగారి వల్ల మీకు అంత ఇబ్బందిగా ఉందని నాకు తెలియదు."

"ఇబ్బంది నాకు కాదు బాబూ, ఆయనకే. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారీ మూడు చెంచాలు. నేను చూస్తూనే ఉన్నాను."

"చెంచాలు కూడా లెక్కపెట్టారా?"

"లెక్కపెట్టకపోతే ఎలా? ఈ వయసులో అంత పనికిరాదు."

"అలాగే మామయ్యా. ఇక మీరు లెక్కపెట్టే అవసరం రాదు," అన్నాడు అల్లుడు.

అర్థం చేసుకున్నాడు, బుద్ధిమంతుడు అనుకున్నాడు అనౌన్సరు. ఇంతలో భార్య ఫోను. ఆవిడ లైబ్రరీలోంచే మాట్లాడుతోంది కాబట్టి, మామూలు గుసగుస కంటే కూడా తగ్గించింది.

"నేనెప్పుడండీ తలూపాను?"

"కాఫీ దగ్గర ఊపలేదూ?"

"కాఫీ ఏమిటి? అన్నయ్యగారిని మెక్కుతున్నావన్నారట! ఇంట్లోంచి పొమ్మన్నారట! ఏదో కత్తిరిస్తానన్నారట! ఆయన సామాను సర్దుకుంటున్నారట."

"నేనా!" అన్నాడు అనౌన్సరు. ఆ ఒక్క మాటకి ఆఫీసులో నలుగురు గుమాస్తాలు తలలెత్తారు. వరసలో ముందున్న ముసలాయన పక్కకి జరిగి దారిచ్చాడు.

"సార్, మీ వంతు వచ్చింది," అన్నాడు కిటికీ లోపలి గుమాస్తా. "బతికున్నట్టు సంతకం పెడతారా, మళ్ళీ వస్తారా?"

"మళ్ళీ వస్తాను," అని అనౌన్సరు బయటికి పరిగెత్తాడు. ప్రభుత్వం దృష్టిలో ఆయన ఆ నెలంతా అనుమానాస్పదంగానే ఉండిపోయాడు.

ఇంటికొచ్చేసరికి గెస్టు గది ఖాళీ. దుప్పటి అంచులు కొలిచినట్టు మడతపెట్టి ఉంది. బల్ల మీద కాగితం. చూపు ఆనని మనిషి రాసింది కాబట్టి అక్షరాలు పెద్దవిగా, పంక్తులు కిందికి జారుతూ ఉన్నాయి. 'బావగారికి నమస్కారం. తొమ్మిది రోజులు ఆదరించారు. నాకూ ఒక ఇల్లుంది. సెలవు.'

మూడో వాక్యం దగ్గర అనౌన్సరు చూపు ఆగింది. ఆ మాట ఎక్కడో విన్నాడు. విన్నాడా, అన్నాడా? తోటలోకి పరుగెత్తి టమాటా మడి ముందు నిలబడ్డాడు.

"ఎవరది?" అంది పెట్టె. "మళ్ళీ వచ్చావా? సిగ్గు లేదూ?"

నిన్నటిదాకా ఆయన దాన్ని చెప్పినవాడిగా విన్నాడు. ఇప్పుడు మొదటిసారి వచ్చినవాడిగా విన్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎదురుగా ఉన్నది తాను ఒక్కడే. 'నీకో ఇల్లు లేదా' అన్నప్పుడు, తన సొంత ఇంటి పెరట్లో నిలబడి కూడా, లేదేమో అనిపించింది. ఆ గొంతు అంత నమ్మకంగా అడుగుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ గొంతునే జనం మీదికి వదిలానా అని ఒక్క క్షణం బిత్తరపోయాడు. చేతికందినట్టు పెట్టెని ఒక్కటి వేశాడు. అది నోరు మూసుకుంది.

వియ్యంకుడు వీధి చివర బస్టాపులో దొరికాడు. సూట్‌కేసు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నల్ల అద్దాలు, ఒళ్ళో చుక్కలమందు సీసా. అప్పటికి మూడు బస్సులు వెళ్ళిపోయాయి. నంబర్లు ఆయనకు కనబడలేదు. పక్కవాళ్ళని అడగడానికి ఆ పూట ఆయనకు మనసొప్పలేదు.

"బావగారూ!" అన్నాడు అనౌన్సరు రొప్పుతూ. "అది నేను కాదు. పెట్టె! పెట్టె అండీ!"

"సర్దుకునే వచ్చానండీ," అన్నాడు వియ్యంకుడు సూట్‌కేసు తట్టి.

"ఆ పెట్టె కాదు. మాట్లాడే పెట్టె. నేను మిమ్మల్ని అనలేదు, ఉడతని అన్నాను."

"నేను ఉడతనా?"

"మీరు కాదు. ఉడత వేరే ఉంది."

"దాన్ని కూడా పొమ్మన్నారా?"

మాటలతో తేలే వ్యవహారం కాదని అనౌన్సరుకి తెలిసిపోయింది. "ఒక్కసారి ఇంటికి రండి. మీ చెవులతో మీరే వినండి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే నేనే బస్సెక్కిస్తాను," అన్నాడు. సరిచూసుకోమంటే కాదనలేని ఉద్యోగం చేశాడు గనక వియ్యంకుడు లేచాడు. సూట్‌కేసు మాత్రం తనే మోశాడు.

తోటలో టమాటా మడి ముందు వియ్యంకుణ్ణి నిలబెట్టి, "ఇప్పుడు వినండి," అన్నాడు అనౌన్సరు. పెట్టె వినిపించలేదు. చెయ్యి ఊపాడు. కాలు ఊపాడు. పెట్టెకి దెబ్బ గట్టిగానే తగిలినట్టుంది. ఎత్తు తేడా అనుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పటికీ లాభం లేకపోతే నాలుగు కాళ్ళ మీదికి దిగి, ఉడత ఎలా వస్తుందో అలా, ఆగి ఆగి, తల అటూ ఇటూ తిప్పుతూ మడిలోకి పాకాడు.

"ఏం చేస్తున్నారు బావగారూ?" అన్నాడు వియ్యంకుడు. ఆయనకి మసగ్గా కదిలే పెద్ద ఆకారమే కనిపిస్తోంది.

"ఉడతలా వస్తున్నాను. రాగానే ఇది అరవాలి."

"అరవట్లేదే."

"అరవట్లేదు. పోనీ ఏమని అరుస్తుందో నేనే చెబుతాను, మీకు అర్థమవుతుంది," అని అనౌన్సరు మట్టిలో మోకాళ్ళ మీద లేచి, ఊపిరి పీల్చి, ఎత్తి పలికాడు. "ఎవరది? మళ్ళీ వచ్చావా? సిగ్గు లేదూ? నీకో ఇల్లు లేదా? తేరగా దొరికిందని రోజూ మెక్కడమేనా? మర్యాదగా వెళ్ళిపో! ఇంకోసారి ఈ ఛాయల కనబడ్డావంటే తోక కత్తిరిస్తా!"

ఆయన ఏ పనైనా అరకొరగా చెయ్యలేడు. చివరి మాటకి వేలు కూడా చూపించాడు. ఆ వేలు కొసన వియ్యంకుడున్నాడు.

"నాన్నా!" అని కేక వినబడింది.

పక్క గేటు దగ్గర కూతురు, వెనకాల అల్లుడు, వాళ్ళ వెనకాల సెలవు పెట్టి వచ్చిన భార్య. ముగ్గురూ ఒకే కారులో దిగారు. దారి పొడుగునా 'మీ నాన్న గొంతు ఎంత గట్టిదైనా అలా అనరు, ఎక్కడో పొరపాటు జరిగింది' అని భార్య నచ్చజెబుతూనే వచ్చింది. ఇప్పుడావిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"మళ్ళీ ఎదురుగానే అంటున్నారు," అన్నాడు అల్లుడు అత్యంత మర్యాదగా. తండ్రి చెయ్యి పట్టుకుందామని విసురుగా వచ్చి, మడిలో పెట్టె బిగించిన కర్రకి కాలు తగిలించాడు. కర్ర ఊగింది. పెట్టెలో ఏదో కిర్రుమంది.

"ఎవరది?" అంది పెట్టె. "మళ్ళీ వచ్చావా?"

అల్లుడు ఆగిపోయాడు. అనౌన్సరు మోకాళ్ళ మీద నోరు మూసుకునే ఉన్నాడు. గొంతు మాత్రం ఆయనదే. పెట్టె చివరిదాకా, తోక దాకా, ఒక్క మాట మింగకుండా అంతా అప్పజెప్పింది. అయిదుగురూ కదలకుండా విన్నారు. కాస్త దూరంలో ఒక ఉడత కూడా విని, ఒక టమాటా కొరికి, పక్కదానికి వెళ్ళింది.

మొదట నవ్వింది కూతురు. ఆ తర్వాత అల్లుడు క్షమించమన్నాడు. భార్య 'నేను నిన్ననే చెప్పాను' అని గుసగుసలాడింది. అనౌన్సరు మోకాళ్ళ మట్టి దులుపుకుని, "ఈ దరిద్రాన్ని ఇప్పుడే చెత్తబుట్టలో పారేస్తాను బావగారూ," అన్నాడు.

"ఆగండి," అన్నాడు వియ్యంకుడు. ఆయన నవ్వలేదు. పెట్టెని తడుముకుంటూ దగ్గరికొచ్చి, దాని ముందు చెయ్యి ఊపాడు. మళ్ళీ మొత్తం విన్నాడు. మూడోసారి కూడా ఊపి విన్నాడు. "చాలా స్పష్టంగా ఉంది," అన్నాడు, త్రాసు పరీక్షించి ముద్ర వేసినట్టు. "ఇది నాకిస్తారా?"

"మీకెందుకు? మీ ఇంటికి తోట లేదు కదా?"

"తోట లేదు. తమ్ముడున్నాడు."

అందర్నీ లోపలికి పంపి, ఇద్దరూ చిక్కుడు పందిరి కింద కూర్చున్నాక గానీ ఆయన నోరు విప్పలేదు. రిటైరైన వారానికి ఆయన తమ్ముడు భార్యాపిల్లలతో వచ్చాడట. 'ఒంటరిగా ఉన్నావన్నయ్యా, రెండు వారాలు తోడుంటాం' అన్నాడట. నాలుగు నెలలైంది. ఆయన పడక్కుర్చీ తమ్ముడిదైంది. టీవీ మరదలిదైంది. హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళాలంటే పిల్లలు 'జరుగు పెదనాన్నా' అంటారట.

"సర్వీసులో ఎన్ని దుకాణాలకి తాళం వేయించానో లెక్కలేదు బావగారూ. రెప్ప కూడా వాల్చలేదు. కానీ వాడు చిన్నవాడు. స్నానాల గదిలో అద్దం ముందు రోజూ సాధన చేస్తాను. 'సిగ్గు లేదూ' దాకా బాగానే వస్తుంది. 'నీకో ఇల్లు లేదా' దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది. మీరు ఎంత అలవోకగా అన్నారు!" ఆయన నల్ల అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "కన్ను నాలుగో రోజుకే నయమైంది. మిగతా అయిదు రోజులూ నేనే నీళ్ళు కార్చాను. ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు."

మనిషి అంత నిజం చెప్పాక తను ఉడతల వెనక దాక్కోవడం అనౌన్సరుకి బాగా లేదనిపించింది. "నేను కూడా ఒకటి చెప్పాలి. రికార్డు చేసేటప్పుడు మనసులోకి ఎంత రమ్మన్నా ఉడత రాలేదు."

"తెలుసు. ఉడత మీద అంత పలుకు రాదు. పందిరి గురించి అన్నాక చేశారా?"

"ఆ వెంటనే."

"పందిరి మాత్రం నిజంగానే వాలింది."

"తెలుసండీ," అన్నాడు అనౌన్సరు. "కట్టిన రోజునే తెలుసు."

ఎనిమిదేళ్ళ వియ్యంలో వాళ్ళిద్దరూ అరమరికలు లేకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి. మర్నాడు కళ్ళద్దాల కొలత అయింది. ఆ పైరోజు వియ్యంకుడు పెట్టెని తువ్వాల్లో చుట్టి సూట్‌కేసులో పెట్టుకుని, కొడుకు కారులో ఇంటికి బయల్దేరాడు. మాటలు చెరిపేసి సొంతంగా రికార్డు చేసుకోమని అనౌన్సరు చెప్పిచూశాడు. "వద్దు, మీ గొంతే ఉండాలి. నా గొంతైతే వాడు నవ్వుతాడు," అన్నాడు వియ్యంకుడు.

ఆదివారం పొద్దున అనౌన్సరు పళ్ళెం ముందు కూర్చోగానే ఫోను మోగింది.

"పనిచేసింది బావగారూ!" వియ్యంకుడి గొంతులో పదేళ్ళ వయసు తగ్గింది. "ఫ్రిజ్ పైన, బుట్ట వెనకాల పెట్టాను. నిన్న మధ్యాహ్నం నించి ఎవరు తలుపు తీసినా వాయించేస్తోంది. మరదలు రెండుసార్లు విన్నది, తమ్ముడు ఒకసారి. ఇవాళ తెల్లవారగానే సామాను సర్దేసుకున్నారు."

"మీ మీద కోపగించుకున్నారా?"

"అబ్బే, లేదు. 'అన్నయ్యా, నువ్వు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు, ఇది నీ గొంతు కాదు' అని నన్ను కౌగిలించుకుని మరీ వెళ్ళాడు. నా పడక్కుర్చీలో కూర్చునే మాట్లాడుతున్నాను."

"మరి ఎవరి గొంతో అడగలేదా?"

"అదే విచిత్రం. అడగలేదు."

వీధి గేటు చప్పుడైంది. అనౌన్సరు ఫోను చెవి దగ్గర పెట్టుకునే వెళ్ళి తలుపు తీశాడు. బయట ఒక నడివయసు మనిషి, భార్య, ఇద్దరు పిల్లలు, నాలుగు సూట్‌కేసులు. ఆవిడ చేతిలో ప్రెషర్ కుక్కరు.

"గుర్తుపట్టారా బావగారూ?" అన్నాడా మనిషి చేతులు జోడించి. "మీ వియ్యంకుడి తమ్ముణ్ణి. పెళ్ళిలో భోజనాల హాలు ఎటో, కార్లు ఎక్కడ ఆపాలో మూడు గంటలసేపు మైకులో చెప్పారు. ఆ గొంతు మరిచిపోతామా? మా గురించి మీ మనసులో ఏదో అపార్థం ఉందని అర్థమైంది. పెద్దవారు, మీరలా అనుకుంటూ ఉంటే మాకు నిద్ర పట్టదు. ఆ అపార్థం పూర్తిగా తొలగిపోయేదాకా ఇక్కణ్ణించి కదలకూడదని నిశ్చయించుకుని వచ్చాం."

అపార్థం తొలగడానికి అయిదు నెలలు పట్టింది.